దిగమంటే దిగని పిల్ల

పోయిన ఆదివారం గుర్రాల మైదానం దగ్గర ఒకాయన కొడుకు చెవి మెలిపెట్టి లాక్కొస్తున్నాడు. వాడికి నాలుగేళ్ళు ఉంటాయేమో. "ఎక్కరా! ఇంత దూరం వచ్చాక ఏడుపేంటి?" అంటూ వీపు మీద ఒక్కటి వేశాడు. పిల్లాడు కంచె కర్రని వాటేసుకుని కేకలు పెడుతున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. "ఏవండీ, ముందు ఆ చెవి వదలండి. ఊడి చేతిలోకి వస్తుంది" అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "మధ్యలో మీరెవరండీ?" అన్నాడు. "అదిగో, ఆ ఎర్రగుర్రం మీదున్న పిల్ల తల్లిని" అన్నాను. దెబ్బకి చెవి వదిలేసి మర్యాదలోకి వచ్చేశాడు. "అయితే మీకు తెలిసే ఉంటుందండీ. పిల్లలకి ఏ వయసులో మొదలెట్టించాలంటారు?"

ఇక్కడికి వచ్చే ప్రతి తల్లీ తండ్రీ అడిగేదే ఇది. ఆరేళ్ళు దాటాక అని చెబుతాను. మెడా నడుమూ గట్టిపడాలి, కాళ్ళు గుర్రం పక్కలకి ఆనాలి, చెప్పింది బుర్రకెక్కాలి. అంతకన్నా చిన్నవాళ్ళయితే గుర్రం మీద కూర్చోబెట్టి పెద్దవాళ్ళు తాడు పట్టుకుని నడిపించుకోవచ్చు, దాన్ని నేర్చుకోవడం అనరు. ఇదంతా మాస్టారి దగ్గర విన్న మాట. నా సొంత జవాబు ఒకటి వేరే ఉంది, అది పిల్లల వయసు గురించి కాదు, పెద్దవాళ్ళ చేతుల గురించి. అది చెప్పాలంటే మా కళ్ళంలో నెత్తురు కారిన రోజు సంగతంతా చెప్పాలి. కంచె దగ్గర నిలబడి చెప్పే కథ కాదది.

మాది తణుకు దగ్గర కాలవ పక్క ఊరు. వరీ, చెరకూ పండిస్తాం. మా ఇంట్లో వాళ్ళకి ఎద్దులు తెలుసు, గేదెలు తెలుసు. గుర్రం అంటే పెళ్ళికొడుకు ఎక్కేదని మాత్రమే తెలుసు. మా అమ్మాయికి నాలుగేళ్ళప్పుడు పట్టిసీమ తీర్థానికి వెళ్ళాం. గోదావరి ఇసుకలో ఒకతను బక్కచిక్కిన గుర్రం మీద పిల్లల్ని ఎక్కించి అటూ ఇటూ తిప్పుతున్నాడు. దీన్నీ ఎక్కించాం. ఇక దిగితే ఒట్టు! జూలు రెండు చేతులా పట్టుకుని ఒకటే ఆరున్నొక్క రాగం. వెనక పిల్లలు వరసలో ఉన్నారు, జనం నవ్వుతున్నారు, నాకు తల కొట్టేసినట్టయింది. తొడ మీద ఫటఫటా రెండిచ్చి ఈడ్చి దించాను. వేళ్ళు తేలాయి. ఇంటికొచ్చేదాకా నాతో మాట్లాడలేదు. దాని మాటకేంగానీ, గుర్రం పిచ్చి మాత్రం ఆ రోజే పట్టుకుంది.

దానికి ఏడో ఏడు నడుస్తుండగా మా ఊరికి కాస్త దూరంలో, పూడ్చేసిన చేపల చెరువులో, మిలిటరీలో గుర్రాల దగ్గర పనిచేసి రిటైరైన ఒకాయన ఈ మైదానం పెట్టారు. ఆయన్నే అందరం మాస్టారు అంటాం. మహా చిరాకు మనిషి. నవ్వితే ఏదో పోతుందన్నట్టు ఉంటారు. మొదటిరోజు మా అమ్మాయిని ముసలి గుర్రం మీద కూర్చోబెట్టి, కాసేపు ఊరుకుని, "దిగు" అన్నారు. దాని మొహం ముడుచుకుపోయింది. పట్టిసీమ గుర్తొచ్చి నా చెయ్యి దానంతటదే లేచింది. ఆయన నావైపు చూసి, "మీరు వెనక్కి ఉండండమ్మా" అని, మళ్ళీ "దిగమ్మా" అన్నారు. చిత్రం! కిమ్మనకుండా దిగింది.

"దిగమంటే దిగే పిల్లకే నేను నేర్పుతానండి" అన్నారు ఆయన. "ఎక్కమంటే ఎవరైనా ఎక్కుతారు. గుర్రం బెదిరిందని నాకు తెలిసి, దిగమన్న క్షణంలో దిగాలి. దిగకపోతే ప్రాణం మీదకి వస్తుంది. ఏడ్చి దిగని పిల్లల్ని వచ్చే ఏడు తీసుకురమ్మంటాను."

నేర్పడం అంటే పగ్గాలు చేతికిచ్చి పరిగెత్తించడం అనుకున్నాను నేను. అబ్బే! హెల్మెట్ బిగించాలి. మడమ ఉన్న బూట్లు తొడగాలి, లేకపోతే పాదం జీనుకి వేలాడే రికాబులో ఇరుక్కుంటుంది. మాస్టారు మధ్యలో పొడుగు తాడు పట్టుకుని నిలబడితే గుర్రం ఆయన చుట్టూ నడుస్తుంది, పిల్ల ఖాళీ చేతులు చాచి కూర్చుంటుంది. నడుము కుదిరేదాకా పగ్గాలు లేవు. తర్వాత పగ్గాలు పట్టడం. "చేతికి చుట్టుకోకూడదు! చుట్టుకుంటే చెయ్యి విరుగుతుంది!" అని రోజూ అరిచేవారు. గుర్రానికి వెనకవైపుగా మనం వెళ్ళకూడదు, వెళ్ళాల్సి వస్తే దాంతో మాట్లాడుతూ వెళ్ళాలి. అయినా దెబ్బలు తగలకుండా ఉంటాయా? ఒకసారి జారి పడి పెదవి చిట్లి, నోరంతా ఎర్రగా చేసుకుని లేచింది. "మీరు చూసుకునేది ఇదేనా?" అని ఆయన మీద విరుచుకుపడ్డాను. ఆయన దూది నా చేతిలో పెట్టి, "పడకుండా నేర్చుకున్నవాళ్ళు ఇంకా పుట్టలేదండి" అన్నారు. ఆ తర్వాత పిల్లని మళ్ళీ ఎక్కించారు.

మా మావయ్యగారికి ఇదంతా అవమానంగా ఉండేది. బండలాగుడు పోటీల్లో ఎద్దుల్ని తోలిన మనిషి ఆయన. వయసులో ఉండగా ఆయన అరుపుకి ఎద్దులు మోకాళ్ళ మీద లేచి బండని లాగేవని ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. మనవరాలంటే ప్రాణం. చెరకు గడ చీరి ముక్కలు చేసి దాని నోట్లో పెట్టేదాకా ఆయన తినరు. అలాంటాయన ఒకరోజు మైదానానికి వచ్చి, తాడు చుట్టూ తిరుగుతున్న మనవరాల్ని చూసి, "ఇదేంటమ్మాయ్, గానుగెద్దులా తిప్పుతున్నాడు పిల్లని? గుర్రాన్ని నేనే కొంటా, నేనే నేర్పుతా" అన్నారు.

అన్నంత పనీ చేశారు. నరసాపురం వైపు పెళ్ళి ఊరేగింపులకి గుర్రాన్ని తిప్పే ఒకతని దగ్గర ఎర్రటి ఆడగుర్రాన్ని కొనుక్కొచ్చారు. "బ్యాండు మేళం, బాణాసంచా, తాగినోళ్ళ గంతులు. ఇన్నింటి మధ్య పెళ్ళికొడుకుని మోసిన గుర్రం అమ్మాయ్. పిల్లకి ఇంతకన్నా సాధువైంది ఎక్కడ దొరుకుద్ది?" అన్నారు. మాకూ నిజమే అనిపించింది. మాస్టారికి చెబితే మాత్రం ఆయన మొహం గంటు పెట్టుకున్నారు. "పెళ్ళిళ్ళలో ఆడే గుర్రానికి ఆట ఎలా నేర్పుతారో తెలుసాండీ? ముందుకాళ్ళ మీద కర్రతో కొట్టి నేర్పుతారు. కర్ర లేస్తే కాళ్ళు లేపాలి. లేపకపోతే మళ్ళీ దెబ్బ. మీ ఇంట్లో పిల్లని దాని మీద ఎక్కించకండి. ఇక్కడికి తోలుకురండి, నేను చూస్తాను." ఆ మాట ఇంటికొచ్చి చెప్పాను. "వాడి బేరం పోతుందని వాడి బాధ" అని కొట్టిపారేశారు మావయ్యగారు.

నేను గుర్రం ముందుకాళ్ళు చూశాను. మోకాళ్ళ కింద వెంట్రుకలు లేని గీతలు, ఒకదాని మీద ఒకటి. ఎన్నని లెక్కపెట్టడం? మా అమ్మాయి రోజూ వాటి మీద కొబ్బరినూనె రాసేది.

వరికోతలయ్యాక ఒక ఉదయం. మా ఆయన పనుండి రాజమండ్రి వెళ్ళారు. నేను వంటింట్లో ఉన్నాను. కళ్ళం మా పెరటికి ఆనుకునే ఉంటుంది, గడ్డివాము అవతల కాలవగట్టు. అక్కడినుంచి మావయ్యగారి అదిలింపు వినబడింది. ఎద్దుల్ని అదిలించే గొంతు అది. గరిటె పడేసి పెరట్లోకి పరిగెత్తాను.

అమ్మాయి గుర్రం మీద ఉంది. హెల్మెట్ ఉంది, అంతవరకు నయం. జారిపోకుండా ఉంటుందని మావయ్యగారు పగ్గాన్ని దాని ఎడమ మణికట్టుకి రెండు చుట్లు చుట్టి ఇచ్చారు. బండి తోలేవాళ్ళు అలాగే చుట్టుకుంటారు మరి. "తాతయ్యా, చుట్టకూడదు, మాస్టారు చెప్పారు" అంటోంది పిల్ల. "నీ మాస్టారు పుట్టకముందు నుంచి పగ్గం పడుతున్నాను నేను. ఊఁ, గట్టిగా పట్టుకో" అంటున్నారాయన. గుర్రం కదలట్లేదు. నాలుక చప్పరించారు. కదల్లేదు. చర్నాకోల పైకెత్తారు. అది వెంటనే ముందుకాళ్ళు రెండూ లేపి దించింది. పాపం, దానికి నేర్పిన పాఠం అదే. ఆయనకి మాత్రం అది పొగరులా కనబడింది. "నా దగ్గరా నీ వేషాలు?" అంటూ వెనక్కి వెళ్ళి, మొరాయించిన ఎద్దుకి చేసినట్టే, తోక అందుకుని మెలిపెట్టారు.

"వద్దండీ!" అని నేను అరిచే లోపే అయిపోయింది. రెండు వెనక్కాళ్ళూ ఒక్కసారి గాల్లోకి లేచాయి. డెక్క ఆయన డొక్కలో దిగిన చప్పుడు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది, బస్తా మీద రోకలి పడ్డట్టు. ఆయన ఎగిరి గడ్డివాము మొదట్లో పడ్డారు. గుర్రం తల విసిరేసరికి దాని మెడ వచ్చి పిల్ల మొహానికి తగిలింది. ముక్కులోంచి నెత్తురు బొటబొటా కారింది. పగ్గం బిగుసుకుని చెయ్యి ముందుకి లాక్కుపోయింది. పిల్ల కెవ్వుమని కేక పెట్టింది. అయినా పడలేదు. కుడి చేత్తో జూలు పట్టుకుని మెడ మీదకి వాలిపోయింది.

పడ్డ మనిషి పడ్డట్టు ఉంటే బాగుండేది. మావయ్యగారు లేచారు. నోట్లోంచి ఎర్రటి ఉమ్ము ఊసి, చర్నాకోల ఝళిపించి గుర్రం మీద పడ్డారు. "నన్నే తంతావా? నన్నే! నీ తోలు వలిచి డప్పుకి కట్టిస్తానే!" మొహం మీద, మెడ మీద, కాళ్ళ మీద, ఎక్కడ పడితే అక్కడ కొడుతున్నారు. పైన మనవరాలు ఉందన్న సంగతే మర్చిపోయారు. కొరడా లేచినప్పుడల్లా అది ముందుకాళ్ళు లేపుతోంది, లేపినప్పుడల్లా ఇంకా కొడుతున్నారు. అరుపులు విని మా పాలేర్లిద్దరూ దుడ్డుకర్రలు పట్టుకుని పరిగెత్తుకొచ్చారు. "అయ్యగార్ని తన్నేసిందిరా, కాళ్ళు విరగ్గొట్టండి!" అని ఒకడు అరిచాడు. కర్రలు చూసి గుర్రం కళ్ళు తెల్లబడ్డాయి. ఒక కొరడా దెబ్బ తప్పి మా అమ్మాయి పిక్క మీద పడింది. చర్మం చిట్లడం నేను కళ్ళారా చూశాను.

ఇంక నాకు పెద్దా చిన్నా గుర్తులేదు. వెళ్ళి ఆయన చేతిలోంచి చర్నాకోల లాక్కుని, ఆయన వీపు మీదే ఒక్కటి పీకాను. శక్తికొద్దీ. మా పెళ్ళయినప్పటి నుంచీ ఆయన ముందు గట్టిగా నవ్వి కూడా ఎరగను నేను. పాలేర్లు కర్రలు ఎత్తినవాళ్ళు ఎత్తినట్టే నిలబడిపోయారు. మావయ్యగారు వెనక్కి తిరిగి నన్ను చూశారు. "ఇంకొకడు కర్ర లేపితే ఈ కళ్ళంలోనే పాతరేస్తాను!" అని పాలేర్ల మీదకి వెళ్ళాను. వాళ్ళు నాలుగడుగులు వెనక్కి వేశారు.

అప్పుడు గుర్రం వైపు తిరిగి చెయ్యి చాచాను. "రామ్మా, దిగు. అయిపోయింది. నేను పట్టుకుంటా, దిగు."

పిల్ల దిగలేదు. మణికట్టుకి ఉన్న చుట్లని పళ్ళతో లాగి విప్పుకుంటోంది. ఆ చెయ్యి వంకరగా వేలాడుతోంది. ముక్కు కింద, గడ్డం కింద అంతా నెత్తురే. ఏడవట్లేదు, దానికే నాకు ఎక్కువ భయం వేసింది.

"దిగమంటున్నానా! చెయ్యి చూడు ఎలా ఉందో!"

"నేను దిగితే దీన్ని కొట్టేస్తారు" అంది.

"ఎవరు కొడతారే? నేనున్నానుగా!"

"నీ చేతిలోనూ ఉంది కదమ్మా."

చూసుకుంటే చర్నాకోల నా చేతిలో పైకెత్తే ఉంది. గుర్రం నా చేతినే చూస్తూ వణుకుతోంది. పిల్ల కూడా దాన్నే చూస్తోంది. ఆ కొరడాని గిరాటేస్తే కాలవలో పడింది.

అయినా దిగలేదు. మావయ్యగారు డొక్క పట్టుకుని దగ్గరకొచ్చి, "దిగమ్మా బంగారం, నా తల్లివి కదూ, కొట్టనమ్మా" అన్నారు. "నువ్వు కొడతావు తాతయ్యా" అంది, చాలా మామూలుగా. మా ఇంట్లో ఎవరి మాట మీదా దానికి నమ్మకం లేదు. పైనుంచి అందర్నీ చూసింది కదా, నమ్మమంటే ఎలా నమ్ముతుంది? లాగి దించేద్దామంటే ఆ చెయ్యి అలా ఉంది, దించాక ఈ గుర్రాన్ని ఏం చేస్తారో. "మాస్టారి దగ్గరికి తీసుకెళ్తే దిగుతావా?" అని అడిగాను. తల ఊపింది.

కళ్ళెం పక్కన పట్టుకుని కాలవగట్టు ఎక్కాను. గుర్రం ఏమైనా చేస్తుందేమోనని ప్రాణాలు అరచేతిలో పెట్టుకున్నాను. ఏమీ చేయలేదు. కర్రలు దూరమయ్యేసరికి తల దించి, నా భుజం పక్కన, పెళ్ళి ఊరేగింపులో నడిచినట్టే నెమ్మదిగా నడిచింది. దాని మెడ మీద కొరడా వాతలు ఉబ్బిపోయి ఉన్నాయి. పిల్ల నెత్తురు వాటి మీద పడి కలిసిపోతోంది. గట్టు మీద వెళ్ళే బళ్ళు ఆగిపోయాయి. "ఏంటండీ ఇది, పాపకి ఏమైందండీ, దించండి ముందు!" అని ఎవరెవరో అన్నారు. "మీ దారిన మీరు పోండి" అన్నాను అందరికీ. పిల్ల చెయ్యి నొప్పికి మూలిగినప్పుడల్లా అడుగు ఇంకాస్త నెమ్మది చేశాను.

మావయ్యగారు మా వెనకే వస్తున్నారు. చెప్పులు కూడా లేవు. "దిగమ్మా, దిగమ్మా" అంటూనే వచ్చి, కాలవ లాకుల దగ్గర ఊపిరందక గట్టు మీద కూలబడ్డారు. వెనకాల పాలేర్లలో ఒకడు కర్ర పట్టుకునే బండి మీద వస్తే, గుర్రం మీంచే మా అమ్మాయి, "తాతయ్యని ఆస్పత్రికి తీసుకెళ్ళు. ఆ కర్ర మాత్రం ఇక్కడే పడేసి వెళ్ళు" అంది. వాడు వెంటనే పడేశాడు.

మైదానంలో మాస్టారు మమ్మల్ని చూసి పరిగెత్తుకు రాలేదు. నడుచుకుంటూ వచ్చారు. గుర్రం దగ్గర ఎవరూ పరిగెత్తకూడదు, ఆయన నియమం అది. పిల్ల చెయ్యి చూశారు, గుర్రం కాళ్ళు చూశారు, నన్ను చూశారు. "దిగమ్మా" అన్నారు.

"దిగితే ఎవరూ కొట్టరు కదా సార్?"

"ఇక్కడ ఎవరూ కొట్టరు."

కుడికాలు ఇవతలకి తిప్పి జారింది. సరిగ్గా ఆయన నేర్పినట్టే. కాళ్ళు నేలకి తగలగానే కళ్ళు తేలేసి నా మీద పడిపోయింది. ఆస్పత్రికి బయల్దేరుతుంటే మాస్టారు నాతో ఒక్క మాట అన్నారు. "పిల్లకి స్పృహ వచ్చాక చెప్పండి. దిగమన్నప్పుడు దిగకపోవడం తప్పేనని." నాకు ఎంత మండిందంటే, ఒళ్ళో పిల్ల లేకపోతే ఆయన్నీ కొట్టేదాన్ని.

పిల్లకి మణికట్టు విరిగింది, మావయ్యగారికి పక్కటెముకలు విరిగాయి. ఒకే ఆస్పత్రిలో తాతా మనవరాలూ. గుర్రాన్ని అమ్మేద్దామన్నారు మా ఆయన. అమ్మితే మళ్ళీ ఏ పెళ్ళివాళ్ళ కర్ర కిందకో పోతుందని పిల్ల అన్నం మానేసింది. మావయ్యగారు మంచం మీంచే, "మైదానంలోనే ఉండనీ" అన్నారు. నేను కొట్టిన దెబ్బ గురించి ఆయన ఎప్పుడూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఆ దెబ్బకి నాకు పశ్చాత్తాపమూ లేదు, ఇప్పుడు అడిగినా అదే చెబుతాను.

కట్టు విప్పాక మాస్టారు మళ్ళీ మొదటి నుంచీ మొదలెట్టించారు. తాడు, ఖాళీ చేతులు, చుట్టూ తిరగడం. తేడా ఏంటంటే ఈసారి ఎర్రగుర్రం మీద. మావయ్యగారు ఛాతీకి బెల్టు పెట్టుకుని, సంచిలో ఉలవలు పోసుకుని మొదటిసారి చూడ్డానికి వచ్చిన రోజు నేనూ పక్కనే ఉన్నాను. ఆయన కంచె తలుపు తీయబోతే అమ్మాయి గుర్రాన్ని ఆపి, "ఆగు తాతయ్యా. చేతులు చూపించు" అంది.

ఆయన సంచి కింద పెట్టి, తీర్థం పుచ్చుకునేవాడిలా రెండు చేతులూ చాచి చూపించారు. అరచేతుల్లో పగ్గాల కాయలు తప్ప ఏమీ లేవు. పిల్ల చూసి, సరే రమ్మంది. ఆయన వెనకే నేనూ లోపలికి అడుగు వేశాను.

"నువ్వు కూడా అమ్మా" అంది.

హ్యాండ్‌బ్యాగ్ కంచెకి తగిలించి నేనూ చేతులు చాచాను. తాతయ్యవి చూసినంత తొందరగా నావి చూడలేదు. చేతులు వెనక్కి తిప్పమంది, తిప్పాను. కాసేపు అలాగే చూసి, అప్పుడు రమ్మంది.